పరగడుపున తీసిన నెత్తురు

తిరుపతి,
జూన్ 9, 2024.

అక్కకు వందనాలు.

నీకు చెవి మందగించాక ఫోన్లో మాట్లాడటమంటే ఇద్దరం చెరొక మాట అరుచుకోవడమే అవుతోంది. మొన్న నేను ఒకటి చెప్తే నువ్వు ఇంకోటి విని, నీ మరదలు కోమలికి ఒంట్లో బాగాలేదనుకుని బస్సెక్కబోయావట. అందుకని మళ్లీ ఉత్తరాలే నయమనిపించింది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు ఇన్‌లాండ్ కవర్ మూడు మడతల్లోనూ, అంచుల్లోనూ కూడా రాసి పంపేదానివి. నేను అంత పొదుపుగా రాయలేను, కాగితాలు బోలెడున్నాయి.

మంచి కబురు. మా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ పోస్టుకు పిలిచారు. బయోకెమిస్ట్రీలో ఒక్కటే ఖాళీ. ఇంటర్వ్యూ డిసెంబరులో. మా పనిలో మనిషి విలువ ఎలా కడతారో నువ్వు ఎప్పుడూ అడుగుతుంటావు కదా, చెప్తాను. నేను ఒక పరిశోధన వ్యాసం రాస్తాను. దాన్ని చదివి ఇంకో దేశంలో ఇంకెవరో తమ వ్యాసంలో "ఈ సంగతి ఫలానా దయానంద్ తేల్చాడు" అని నా పేరు రాస్తారు. అలా ఎన్నిసార్లు రాస్తే అన్ని సైటేషన్లు. నావి మొత్తం ముప్పై ఎనిమిది వ్యాసాలు. వాటిలో మన ఊళ్లో నెత్తురు తీసి రాసినదొక్కదాన్నే ఆరువందల నలభై మూడుసార్లు పేర్కొన్నారు. మా కాలేజీలో ఇంకెవరికీ అంత లేదు. బక్కగా, కండపట్టి ఉండే కూలిజనంలో కూడా పరగడుపు చక్కెర ఎక్కువగా ఉంటుందని మొదట చెప్పింది నేనే.

ఇప్పుడు ఆ మనుషులనే పదకొండేళ్ల తర్వాత మళ్లీ చూసి రాస్తే ఇంక తిరుగుండదు. అప్పటి రెండువందల పద్నాలుగు మంది పేర్లు దీంతో పంపుతున్నాను. ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరు మాత్రలు వేసుకుంటున్నారు, ఇది నువ్వే కనుక్కోవాలి. అంగన్‌వాడీ టీచరుగా నీకు తెలియని ఇల్లు లేదు. క్యాంపు నియమాల కాగితం కూడా పెట్టాను, అందరికీ చదివి వినిపించు.

నీ తమ్ముడు,
దయానంద్.


మాకులకండ్రిగ,
జూన్ 21, 2024.

తమ్ముడు దయాకు అక్క ఆశీస్సులు. ప్రభువు కృప వల్ల ఇక్కడ క్షేమం. మీ బావకు తడ ఫ్యాక్టరీలో డ్యూటీ మారింది, పదిహేను రోజులకోసారి వచ్చి బట్టలు ఉతికించుకుని పోతున్నాడు.

ఆరువందల నలభై మూడుసార్లు నీ పేరు రాశారంటే సంతోషం. మన రేషన్ కార్డులో నీ పేరు తప్పులేకుండా రాయించడానికి నాకు మూడేళ్లు పట్టింది. తెల్లవాళ్లు నయం.

జాబితా పట్టుకుని తిరుగుతున్నాను. వాడ సగం అయింది, ఊళ్లోకి రేపు పోవాలి. వాడలో చాలామంది లేరు దయా. పేరు చదివితే ఇంట్లోవాళ్లు పటం వైపు చూస్తున్నారు. ముప్పై ఒకటో నంబరు దగ్గర ఓబయ్య అని నాయన పేరుంది. అది నేనే కొట్టేశాను.

వాడలో మన జ్ఞానాంబ అత్త నన్ను చూడగానే మొదలుపెట్టింది. "ఏమ్మే స్టెల్లా, మీ తమ్ముడికి మా నెత్తురు సాల్లేదా? మళ్లా కావాల్నంటనా?" అంది. ప్రొఫెసర్ ఉద్యోగం సంగతి చెప్పాను. "అట్లయితే వస్తాలే. వాడు పెద్దోడయితే మనకే గదా గొప్ప. నా మాత్రలు మాత్రం మానేయమంటే మానను, పదకొండేండ్లు ఏసుకుంటా ఉండాను" అంది. రెండుసార్లు కళ్లు తిరిగి పడిందట ఈ ఏడాది. సుగరు జబ్బు అంతేలే అని సర్దుకుంది.

నువ్వు పంపిన నియమాల కాగితం చదివాను. అందులో "కాఫీ, టీ, పాలు కూడా తాగరాదు" అని ఉంది. అప్పట్లో ఇలాంటి కాగితం లేదు కదా. ఏమీ తినకుండా రమ్మని చెప్పు అన్నావు, నేను అదే చెప్పాను. కాఫీ తాగితే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను.

అక్క,
స్టెల్లా.


తిరుపతి,
జూలై 2, 2024.

అక్కకు,

నీ ఉత్తరం కోమలికి చదివి వినిపిస్తే రేషన్ కార్డు మాటకు పొట్ట పట్టుకుని నవ్వింది.

కాఫీ సంగతి అడిగావు. ఉత్త కాఫీ అయితే అంత కాదు, తీపి కలిపితే కష్టం. బెల్లం కాఫీ ఒక గ్లాసు తాగినా అరగంట, గంటలో చక్కెర నూట నలభై, నూట అరవై దాకా పోవచ్చు. జబ్బు లేనివాడు కూడా జబ్బుమనిషిలా కనిపిస్తాడు. అందుకే పరగడుపు అని అంత పట్టుబట్టేది. చూశావా, నువ్వు కూడా శాస్త్రవేత్తవి అవుతున్నావు.

నాయన పేరు కొట్టేసేటప్పుడు నీ చేయి ఆగి ఉంటుంది, నాకు తెలుసు. ఆ జాబితా ప్రింటు తీసేటప్పుడు నాదీ ఆగింది. కానీ ఒకటి ఆలోచించు. ఆ క్యాంపు పెట్టకపోతే నాయనకు చక్కెర ఉందని మనకు తెలిసేదే కాదు. నూట నలభై ఎనిమిది వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాక నూరు లోపలికి దిగింది. ఆ తర్వాత గుండె ఆగి పోయాడు, అది మన చేతిలో లేదు. అంతకుముందు నాలుగేళ్లూ నా వ్యాసమే నాయనకు ఆయుష్షు పోసిందని నేను అనుకుంటూ ఉంటాను. సైటేషన్లలో నాయన లెక్క కూడా ఉంది అని మోక్షితతో అంటుంటాను. మోక్షిత నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి. మనవాళ్ల నెత్తురు ఇంకా మా ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంది, దాని మీదే మూడేళ్లుగా పనిచేస్తోంది.

ఊరివాళ్ల వివరాలు త్వరగా పంపు. సెప్టెంబరులోగా క్యాంపు పెట్టాలి.

దయానంద్.


మాకులకండ్రిగ,
జూలై 30, 2024.

దయాకు,

ఆలస్యమైంది. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. జాబితా పూర్తిచేసి పంపి, నోరు మూసుకుని ఉండిపోదామని కూడా అనుకున్నాను. అలా ఉండలేకపోతున్నాను.

అప్పుడు, ఆ ఏప్రిల్ నెలలో, నువ్వు ఆరుగంటలకల్లా అందరినీ బడి దగ్గర పెట్టమన్నావు. పెట్టాను. ఊరివాళ్లు బడి వరండాలో కూర్చున్నారు, మనవాళ్లు పక్కన వంటషెడ్డు కింద. రాత్రి ఎనిమిదికి తిన్న మనుషులు. కొందరు చెరకు తోటలో పనికి పోయి వచ్చి పడుకున్నవాళ్లు. మీ వ్యాను రాదు, రాదు. ఎండ ఎక్కింది. మొదటిరోజే జ్ఞానాంబ అత్త షెడ్డులో పక్కకు ఒరిగిపోయింది. ముసలివాళ్లు నా ముఖం చూస్తున్నారు. నేను పిలిస్తే వచ్చినవాళ్లు. నా ఎదురుగా కడుపు ఎండి కూర్చుంటే నేను ఎలా చూస్తూ ఊరుకోను?

వంటషెడ్డు పొయ్యి మీద పెద్ద గిన్నెతో బెల్లం కాఫీ పెట్టాను. అన్నం కాదు కదా, నీళ్లే కదా అనుకున్నాను. మనవాళ్లందరికీ పోశాను. మూడు రోజులూ పోశాను. కొందరు రెండో గ్లాసు కూడా అడిగారు. వరండాలో వాళ్లకు కూడా తీసుకుపోయాను దయా. ఎల్లప్ప ఉన్నాడు కదా, మగ్గాల ఎల్లప్ప, మంచివాడే. "మాకొద్దులేమ్మా, మేం నెత్తురిచ్చినాక ఇంటికి పొయ్యి తాగతాం" అన్నాడు. మిగతావాళ్లు తల తిప్పుకున్నారు. నా చేతి కాఫీ ఊరివాళ్లు ఎప్పుడు తాగారు కనుక? నాకు కోపం కూడా రాలేదు, అలవాటే. గిన్నె వెనక్కి తెచ్చి మనవాళ్లకే పోశాను.

తర్వాత నీ వ్యాను వచ్చింది. నువ్వు ఒక్కొక్కరినీ "ఏమైనా తిన్నారా" అని అడిగావు. వాళ్లు లేదన్నారు. అబద్ధం చెప్పలేదు, తినలేదు.

నువ్వు రాసిన వ్యాసంలో వాడ కూలివాళ్లకు చక్కెర ఎక్కువ, ఊరి నేతవాళ్లకు తక్కువ అని ఉందని నువ్వే నాకు చెప్పావు. ఎందుకు ఎక్కువో నాకు తెలిసి నెల అవుతోంది.

నాయన కూడా తాగాడు. రెండు గ్లాసులు తాగాడు.

స్టెల్లా.


తిరుపతి,
ఆగస్టు 6, 2024.

అక్కకు,

ఉత్తరం అందింది. ఈ సంగతి బావకు కూడా చెప్పవద్దు. జాబితా ఇంక పంపనక్కరలేదు. నేను రాసేదాకా నువ్వు రాయవద్దు.

దయానంద్.


మాకులకండ్రిగ,
అక్టోబరు 2, 2024.

దయాకు,

రాయవద్దన్నావు, రెండు నెలలు ఆగాను. ఇంక ఆగను.

నీ మాట విని నోరు కుట్టుకున్నాను కానీ రోజూ జ్ఞానాంబ ఇంటి ముందునుంచే అంగన్‌వాడీకి పోవాలి. నిన్న పొద్దున నా ఎదురుగానే మాత్ర వేసుకుంది. వద్దు అనబోయి ఆగిపోయాను. నేను డాక్టరును కాదు. మాన్పించి ఏదైనా అయితే? వేసుకోనిచ్చి ఏదైనా అయితే? చెప్పు, ఈ రెండింటిలో ఏది చేయాలి?

నీ ఉద్యోగం నాకు ఇష్టం లేక కాదు. నిన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయింది నేను. నువ్వు ఎంత పెద్దవాడివైతే నాకు అంత గర్వం. కానీ వాళ్లు నన్ను నమ్మి చేయి చాపారు దయా, నిన్ను చూసి కాదు.

నామీద కోపంగా ఉంటే అదైనా రాయి.

అక్క.


తిరుపతి,
అక్టోబరు 13, 2024.

అక్కా,

నీమీద కోపం రెండు వారాలు ఉండింది. పచ్చి నిజం చెప్తున్నాను. ఒక గిన్నె కాఫీతో నా పదకొండేళ్లు నీళ్లపాలు చేసింది అని కోమలితో అన్నాను. తను ఒకటే అడిగింది. "ఆరింటికి రమ్మన్నోళ్లకి తొమ్మిదిన్నర దాకా కాఫీ ఎందుకు కావాల్సొచ్చింది?" అని.

నువ్వు ఉత్తరంలో "వ్యాను రాదు, రాదు" అని మాత్రం రాసి ఊరుకున్నావు. ఎన్ని గంటలకు వచ్చిందో రాయలేదు. నన్ను కాపాడటానికే రాయలేదని నాకు తెలుసు. నేను రాస్తాను. మొదటిరోజు తొమ్మిదిన్నర, రెండోరోజు పది, మూడోరోజు తొమ్మిదీ ముప్పావు. ఐసుపెట్టెల కోసమని, డ్రైవరు కోసమని కాలేజీలో నిలబడిపోయాను. వ్యాసంలో మాత్రం "ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య నమూనాలు సేకరించాం" అని ఉంది. ఆ వాక్యం నా చేత్తో రాశాను. అప్పుడు అది పెద్ద అబద్ధం అనిపించలేదు. అందరి వ్యాసాల్లోనూ అలాగే ఉంటుంది.

పాత నోటుపుస్తకం తీసి చూశాను. ఊరివాళ్లు తొంభై ఆరు మంది, చక్కెర ఎక్కువ ఉన్నది నలుగురికి. వాడవాళ్లు నూట పద్దెనిమిది, ఎక్కువ ఉన్నది ముప్పై తొమ్మిది మందికి. ఆ తేడా చూసినరోజు నేను సంతోషంతో ఎగిరాను అక్కా. మా గైడు సారంగపాణి గారి ఇంటికి మోటారు సైకిల్ వేసుకుని పరిగెత్తాను. మనవాళ్ల ఎముకల్లో, కండల్లో, తరతరాల ఆకలిలో కారణం వెతికాను. ఇరవై పేజీలు రాశాను. ఒకే బడి, ఒకే పొద్దు, రెండు చోట్ల కూర్చున్న మనుషులు. ఏ వరండాలో నీ చేతి గ్లాసు ముట్టరో ఆ వరండాలో చక్కెర తక్కువ. వాడలో పుట్టినవాణ్ణి, నాకు తట్టలేదు. వ్యాను దిగగానే ఊరివాళ్లు నాకు కుర్చీ వేశారు కదా, ఇంక అవన్నీ పోయాయనుకున్నాను.

నిన్న సారంగపాణి గారి దగ్గరికి పోయాను. ఆ వ్యాసంలో ఆయన పేరు కూడా ఉంది. అంతా విని, "పదకొండేండ్లయిందిగదప్పా. ఎవురడిగినారు నిన్ను? నువ్వు జెప్పకపోతే ఎవురికి తెలస్తాది?" అన్నారు. టైము తప్పు రాసింది నేనే సార్ అన్నాను. "నువ్వు రాస్తే నేను సదవలేదా? వ్యాను ఎప్పుడు బయల్దేరిందో నాకు తెలీదా?" అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు, ఎప్పుడూ అలా రారు.

ఇది ఒక్క వ్యాసంతో పోయేది కాదు. నా ముప్పై ఎనిమిదిలో పంతొమ్మిది ఆ నెత్తురు మీదే నిలబడ్డాయి. మోక్షిత థీసిస్ కూడా. ప్రొఫెసర్ పోస్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంక అసలుది. దాన్ని చివరికి పెట్టాను, ముందు రాస్తే మిగతాది రాయలేను. ఆ ముప్పై తొమ్మిది మందికీ చక్కెర జబ్బుందని నేనే చీటీలు రాసిచ్చాను. ఆ చీటీలు చూసే ఆస్పత్రిలో మాత్రలు ఇచ్చారు. నాయనకైతే నేనే తెచ్చిపెట్టాను. తర్వాత పరీక్ష చేస్తే నూరు లోపల వచ్చింది, మందు పనిచేస్తోందని మురిసిపోయాను. మందు లేకపోయినా అంతే ఉండేదేమో. జబ్బు లేని ముసలి మనిషికి, పూటకు రెండు ముద్దల సంగటి తినే మనిషికి, ఆ మాత్ర వేస్తే చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. ఆరోజు నాయనకు ఒళ్లంతా చెమట పట్టిందని నువ్వు ఫోన్లో చెప్పావు. నేను గుండెపోటు అన్నాను. అందరూ అదే నమ్మారు.

జ్ఞానాంబ అత్తను ఒక్కరోజులో మాన్పించవద్దు. వచ్చే ఆదివారం మా డాక్టరుతో నేనే వస్తున్నాను.

దయా.


మాకులకండ్రిగ,
అక్టోబరు 24, 2024.

దయాకు,

నువ్వు వచ్చి పోయాక వాడంతా ఒకటే మాట. కొందరు తిట్టారు. నువ్వు ఉండగా అనలేదు, నాకు చెప్పి పంపారు. మునికుమార్ వాళ్ల అమ్మ పోయింది కదా, వాడు నా ఇంటి ముందు నిలబడి "మా యమ్మ కూడా ఆ మాత్రల్తోనే పొయ్యిందా అక్కా?" అని అడిగాడు. తెలియదు నాయనా అన్నాను. నిజంగానే తెలియదు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులు వేసుకుని పోయాడు.

జ్ఞానాంబ మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "కడుపు మాడతా ఉంటే కాపీ పోసినావు, అది తప్పంటే ఇంగేం జేసేది" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

వచ్చినప్పుడు ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటానన్నావు. తీసుకో. కాఫీ పోసింది నా అక్క స్టెల్లా అని రాయాల్సివస్తే రాయి, నాకు సిగ్గు లేదు. నాయన గురించి నువ్వు రాసింది చదివాను. దానికి జవాబు ఇప్పుడు రాయలేను.

మళ్లీ నెత్తురు తీసేరోజు మాత్రం చెప్పిన టైముకు రా.

అక్క.


తిరుపతి,
ఫిబ్రవరి 16, 2025.

అక్కా,

మళ్లీ నెత్తురు తీసిన రోజు నేను ముందు రాత్రే వచ్చి మీ ఇంట్లో పడుకుని, ఆరు కాకముందే బడి దగ్గర ఉన్నాను, నువ్వే సాక్షివి. ఫలితాలు వచ్చాయి. డాక్టరు మాత్రలు మెల్లగా తగ్గించి, చూసుకుంటూ మాన్పించాకే తీసిన నెత్తురు ఇది. ముప్పై తొమ్మిది మందిలో బతికి ఉన్నది ఇరవై రెండుమంది. మొన్నటి దాకా మాత్రలు వాడుతూ వచ్చింది పదిహేడుమంది. వాళ్లలో పదకొండు మందికి చక్కెర జబ్బు లేదు. జ్ఞానాంబ అత్తకు లేదు. ఆరుగురికి మాత్రం నిజంగానే ఉంది, వాళ్లను డాక్టరే చూసుకుంటారు. చనిపోయిన పదిహేడు మంది సంగతి ఇంక ఎవరూ తేల్చలేరు.

ఆ వ్యాసం అచ్చేసిన పత్రికవాళ్లు పోయిన వారం దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించారు. రెండే వాక్యాలు. పరగడుపు నియమం పాటించబడలేదనీ, సేకరించిన సమయం తప్పుగా నమోదైందనీ. నేను పంపిన లేఖలో ఇంకో మూడు వాక్యాలు ఉన్నాయి. దీనివల్ల మందులు వాడినవాళ్లు ఉన్నారనీ, వాళ్లలో ఒకరు మా నాన్న ఓబయ్య అనీ. అవి అక్కరలేదని తీసేశారు. నీ పేరు నేను రాయలేదు. "సమయానికి చేరుకోకపోవడం పరిశోధకుడి తప్పు" అని రాశాను.

సారంగపాణి గారు కూడా ఆ లేఖ మీద సంతకం పెట్టారు. "నాకు డెబ్బై ఆరేండ్లు. నా పేరు పోతే పోతాదిలే. నీకు ఇంకా పదిహేనేండ్ల సర్వీసు ఉండాది, ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆలోచించుకున్నాను సార్ అన్నాను. "సరే, యాడ పెట్టాల్నో సూపించు" అన్నారు. పోస్టుకు పెట్టిన అర్జీ నేనే వెనక్కి తీసుకున్నాను. మోక్షిత మూడేళ్ల పని పోయింది. ఆ అమ్మాయి ఫ్రీజర్ తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఒక సంగతి నీకు చెప్పాలి. నిన్న ఆ సైటేషన్ల లెక్క చూశాను. ఆరువందల యాభై ఎనిమిది. తప్పని ప్రకటించాక కూడా ఇద్దరు దాన్ని పేర్కొన్నారు. ఇప్పటికీ ఎక్కడో ఎవరో "దయానంద్ తేల్చాడు" అని రాస్తున్నారు. వాళ్లకు ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తున్నాను. జవాబులు రావడం లేదు.

నాయన చావు నాది అక్కా. ఇందులో నీకు వాటా లేదు. నువ్వు ఆకలిగా ఉన్నవాళ్లకు కాఫీ ఇచ్చావు, నేను మంచి మనిషికి మందు ఇచ్చాను. ఈ రెండూ ఒకటి కావు. ల్యాబు తలుపు తీయబుద్ధి కావడం లేదు. సెలవు పెట్టాను. ఊరికి కూడా ఇప్పట్లో రాను, ఆ ఇంట్లో నాయన మంచం మళ్లీ చూడలేను.

దయా.


మాకులకండ్రిగ,
మార్చి 3, 2025.

దయాకు అక్క రాయునది.

నువ్వు పంపిన ఫలితాల కాగితాలు ఇళ్లకు తీసుకుపోయి ఇచ్చాను. పదకొండుమందిలో ఒక్కరూ సంతోషపడలేదు. జబ్బు లేదంటే సంతోషపడతారని నేను వెర్రిగా అనుకున్నాను. జ్ఞానాంబ కాగితం తిప్పి తిప్పి చూసి, "నా మనవరాలి పెండ్లిలో పాయసం ఆకులోనే ఇడిసి లేసినా" అంది. అంతే అంది. ఎల్లప్ప తనకు ఇచ్చే కాగితం లేకపోయినా వాడలోకి వచ్చి నా వాకిట్లో నిలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక వచ్చినట్టున్నాడు. నేను కాఫీ తాగుతావా అని అడగలేదు.

నాయన చావు నీది అన్నావు. నాకు వాటా లేదన్నావు. ఆ మాట చదివి వారం రోజులు మంచం దిగలేదు. ఏడేళ్లుగా ఒకటి దాచాను. నీ దగ్గర, మీ బావ దగ్గర, పాస్టరు దగ్గర కూడా. ప్రార్థనలో కూడా దాన్ని పేరుపెట్టి చెప్పలేదు. ఇప్పుడు నువ్వు ఒక్కడివే మోస్తానంటే ఊరుకోలేను.

ఆ రోజు మధ్యాహ్నం నాయన చేనినుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది. ఎండ అనుకున్నాను. నా చేయి పట్టుకుని, "పాపా, కండ్లు తిరగతా ఉండాయి. నోట్లోకి ఏందన్నా తీపి ఇయ్యి" అన్నాడు. ఆయనకు ఏం కావాలో ఆయన ఒంటికి తెలిసింది దయా. ఇంట్లో చక్కెర డబ్బా ఉంది. పండుగకు చేసిన అరిసెలు ఉన్నాయి. నేను ఇవ్వలేదు. "సుగరుండాది కదా నాయనా, దయా తిడతాడు, కొంచేపు పండుకో" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. "వాడు సదువుకున్నోడు, వాడు జెప్తే సరే" అన్నాడు. నీళ్లు తెమ్మన్నాడు. నేను నీళ్లు తెచ్చేలోగా పక్కకు వాలిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు.

నీ వ్యాసం ఉత్తరం రాస్తే వెనక్కి వచ్చింది. ఆ చేయి పట్టుకుని అడిగిన మాట నాకు రోజూ గుర్తొస్తుంది, దాన్ని ఎవరికి రాసి వెనక్కి తీసుకోను? నువ్వు నమ్మినదాన్నే నేను నమ్మాను. నాయన మనిద్దరినీ నమ్మాడు. ఇందులో నీ వాటా ఎంతో, నా వాటా ఎంతో ఆయనే చెప్పాలి, ఆయన లేడు.

సెలవు చాలించు. పోయిన పదిహేడు మంది ఇళ్లలో మనల్ని అడిగేవాళ్లు ఉన్నారు. మునికుమార్ మళ్లీ వచ్చాడు, నీతోనే మాట్లాడతానంటున్నాడు. నేను ఒక్కదాన్నే వాడి ముందు నిలబడలేను.

ఇది చదివాక నామీద కోపం వస్తుంది. రానీ. వచ్చి నా ముఖం మీదే తిట్టు. రాకుండా మాత్రం ఉండకు.

నీ అక్క,
స్టెల్లా.